ధాన్యాలు లేని బన్నులు లోపల బంకగా వస్తున్నాయి, హెల్ప్ ప్లీజ్

ఎంవీపీ_వంటిల్లు:
మా ఆయన ఈ మధ్య ధాన్యాలు మానేశారండి, అన్నం చపాతీ సరే, రాగిజావ కూడా వద్దంటున్నారు, సాయంత్రం టీలోకి మాత్రం బన్ను ఉండాలట. బాదం పిండి 150 గ్రాములు, ఇసబ్‌గోల్ 5 పెద్ద స్పూన్లు, బేకింగ్ పౌడర్ 2 చిన్న స్పూన్లు, ఉప్పు, కాస్త వెనిగర్, మూడు గుడ్ల తెల్లసొన, కప్పు మరిగే నీళ్లు వేసి ఓటీజీ ఓవెన్‌లో 175 డిగ్రీల్లో 40 నిమిషాలు పెడుతున్నా. పైన ఎర్రగా బాగానే పొంగుతున్నాయి, కోస్తే లోపల బంక, పైగా ఊదా రంగు! మర్నాటికి డబ్బాలో పైన కూడా తడితడిగా అయిపోతున్నాయి. తేడా ఓవెన్‌దా పిండిదా?

సీతమ్మధార_బేకర్:
కొలతలు బానే ఉన్నాయి, టైమే చాల్లేదు, 50 నుంచి 60 నిమిషాలు పట్టుద్ది. ఇంతకీ ఇసబ్‌గోల్ పొట్టుగానే వేశారా, మిక్సీలో పొడి చేశారా? పొడి చేసే వెయ్యాలి, స్పూన్లు కాదు తూకం వెయ్యండి, 40 గ్రాములు చాలు. మెడికల్ షాపులో నారింజ ఫ్లేవర్‌ది అస్సలొద్దు, చాలావాటిలో పంచదార ఉంటుంది. ముద్ద తడిచేత్తో చేసుకోండి, చిన్నవే చేయండి. బన్ను అడుగున వేలితో కొడితే డొల్లగా వినపడాలి, మొద్దుగా వినిపిస్తే ఇంకో పది నిమిషాలు. తీయగానే కోయకండి బాబూ, ఇసబ్‌గోల్ జిగురు చల్లారాకే గట్టిపడుద్ది, జాలీ మీద పెట్టి వదిలేయండి.

గాజువాక_గుంట:
ఊదా రంగుకి భయపడక్కర్లేదండీ, కొన్ని బ్రాండ్ల ఇసబ్‌గోల్‌తో అలాగే వస్తది, బ్రాండు మార్చి చూడండి. ఇంకోటి, బేకింగ్ పౌడర్ డబ్బా వెనకాల చదివారా, చాలావాటిలో మొక్కజొన్న పిండి ఉంటది, అదీ ధాన్యమే కదేటి! మీవారు అంత పట్టుగా ఉంటే 2 స్పూన్ల పౌడర్ బదులు అర స్పూను వంటసోడా, ఒక స్పూను క్రీమ్ ఆఫ్ టార్టార్ (బేకింగ్‌లో వాడే పుల్లటి తెల్ల పొడి) వేసేయండి.

బీచ్‌రోడ్డు_బాబాయ్:
తడి గురించి అడిగారు కదమ్మా, మన విశాఖ ఉప్పగాలిలో మరమరాలే మెత్తబడిపోతాయి, గుడ్డుతో చేసిన బన్ను బయట పెడితే ఉంటుందా. పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి, ఎక్కువైతే ఫ్రీజర్లో, తినేముందు కోసి పెనం మీద కాల్చండి, ఆ బంక కూడా కొంత పోతుంది. బాదం ఖరీదనుకుంటే జీడిపప్పు ముక్క తెచ్చి పొడి కొట్టుకోండి, మనకి పలాస పక్కనే కదా. మిక్సీ ఆపి ఆపి తిప్పాలి, ఒకటే తిప్పితే నూనె వచ్చి ముద్దైపోద్ది. అది బాదం కంటే త్వరగా ఎర్రబడుతుంది, పైన ఫాయిల్ కప్పండి. షుగర్ ఉంటే మాత్రం బాదమే మేలు. కొబ్బరి పిండిని సరిసమానంగా వేసేయకండి, నీళ్లన్నీ అదే తాగేస్తుంది.

ఎంవీపీ_వంటిల్లు:
అమ్మో మొక్కజొన్న సంగతి ఆయనకి చెప్పను లెండి, చెబితే గోల 😄 పొట్టే వేశాను, పొడి చేయలేదు, అదన్నమాట. క్రీమ్ ఆఫ్ టార్టార్ దొరక్కపోతే ఏం చేయాలి?

గాజువాక_గుంట:
వెనిగర్ ఎలాగూ వేస్తున్నారు కదా, ఇంకో రెండు చిన్న స్పూన్లు పెంచి అర స్పూను సోడాతో సరిపెట్టేయండి. వెనిగర్ ఆఖర్న కలిపి వెంటనే ఓవెన్‌లో పెట్టేయాలి, ఫోను మాట్లాడుతూ కూర్చుంటే పొంగంతా గిన్నెలోనే పోద్ది. అన్నట్టు ఇసబ్‌గోల్ బన్ను తిన్నాక నీళ్లు బాగా తాగమనండి, ఆయనకి బీపీ మాత్రలూ అవీ ఉంటే కాస్త గ్యాప్ ఇచ్చి వేసుకోమనండి.