బలిపశువును బలిపీఠం మీదే వధించేవారా?

ప్రశ్న:
పిల్లల బైబిల్ క్లాసు కోసం ప్రత్యక్షపు గుడారం (మోషే కాలంలో ఇశ్రాయేలీయులు ఆరాధనకి వాడిన గుడారం) బొమ్మ గీస్తున్నాను. బలిపీఠం మీద గొర్రెను పడుకోబెట్టి, పక్కన యాజకుడి చేతికి కత్తి ఇచ్చాను. చూసినావిడ ఒకరు "ఇలా కాదండీ" అన్నారు, ఎలాగో చెప్పలేదు. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు 1:
గొర్రెను కిందికి దించండి, కత్తి యాజకుడి చేతిలోంచి తీసేయండి.

లేవీయకాండం 1వ అధ్యాయం ప్రకారం దహనబలి తెచ్చిన మనిషే దాన్ని వధించాలి. గొర్రె, మేక అయితే పీఠానికి ఉత్తరం వైపున. యాజకుడి పని రక్తం దగ్గర మొదలవుతుంది: దాన్ని పీఠం చుట్టూ చల్లుతాడు. తర్వాత ముక్కల్ని, తలను, కొవ్వును కట్టెల మీద పేరుస్తాడు. పేగులు, కాళ్లు నీళ్లతో కడిగాకే నిప్పుల మీదికి వెళ్తాయి (ఈ కడుగుడు మాత్రం ఏ బొమ్మలోనూ కనపడదు!). అంటే పీఠం మీదికి చేరేది కోసిన మాంసమే. మీ బొమ్మకి మూలం బహుశా ఇస్సాకు కథ. అక్కడ అబ్రాహాము కొడుకును కట్టేసి, పీఠం మీది కట్టెలపై పెట్టాకే కత్తి తీస్తాడు.

జవాబు 2:
పావురమైతే వేరు. పీఠం దగ్గర యాజకుడే దాని తల తుంచుతాడు, పొట్టను తూర్పున బూడిద వేసే చోట పారేస్తాడు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఇంకో డౌటు. పీఠం కర్రది కదా, కాలిపోదా?

జవాబు 1:
నిర్గమకాండం 27లో కొలతలున్నాయి: 5 మూరల పొడవు, 5 వెడల్పు, 3 ఎత్తు. తుమ్మకర్ర, దానికి ఇత్తడి రేకు, లోపల గుల్ల. 20వ అధ్యాయంలో మట్టి పీఠం మాట ఉంది కాబట్టి ఆ గుల్లలో మట్టి నింపేవారని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇజ్రాయెల్‌లోని అరాద్ అనే పాత ఊరి తవ్వకాల్లో దొరికిన పీఠం చెక్కని రాళ్లు, మట్టితో కట్టినదే. అదే దేశంలోని బెయేర్షెబాలో 1973లో బయటపడిన రాళ్లు మాత్రం నున్నగా చెక్కినవి, కొమ్ములు కూడా ఉన్నాయి. పీఠం రాళ్లకి ఉలి తగలకూడదన్న బైబిల్ ఆజ్ఞ అక్కడ చెల్లలేదన్నమాట. పైగా పీఠాన్ని విప్పేసి, ఆ రాళ్లని ఒక గిడ్డంగి గోడలో వాడేశారు.

మీరు నాలుగు మూలలా కొమ్ములు గీయండి. మెట్లు గీసి ఉంటే చెరిపేయండి, నిర్గమకాండం 20:26లో మెట్లు వద్దనే ఉంది.