తేదీ దాటిన ఈస్ట్, బేకింగ్ పౌడర్, పాలపొడి: ఏవి వాడొచ్చు, ఏవి పారేయాలి?

ప్రశ్న (కాకినాడ)

బెస్ట్ బిఫోర్ దాటిన సరుకు ఇదండి: డ్రై ఈస్ట్ (తెరిచి క్లిప్ పెట్టింది, 5 నెలలు దాటింది), బేకింగ్ పౌడర్ డబ్బా (తెరిచిందే, 7 నెలలు), సీలు తీయని మైదా కిలో (3 నెలలు), కోకో పొడి (ఏడాది), వెన్న తీయని పాలపొడి (తెరిచింది, 4 నెలలు), అక్రోట్లు. అన్నీ వంటింటి అల్మారాలోనే ఉన్నాయి, ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. ఆదివారం బన్నులు, ఒక చాక్లెట్ కేకు చేయాలి. పరీక్షించే పద్ధతి ఉంటే కొలతలతో చెప్పగలరా?

జవాబు: పిండివంట

ముందు ప్యాకెట్ మీది మాట సరిగ్గా చదవండి. 2020 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లేబులింగ్ నిబంధనల ప్రకారం ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీ వేయడం తప్పనిసరి, బెస్ట్ బిఫోర్ అదనంగా వేసుకోవచ్చు. బెస్ట్ బిఫోర్ నాణ్యత గురించిన మాట. ఎక్స్‌పైరీ తేదీ దాటితే మాత్రం వాడకండి, కింద చెప్పేవేవీ దానికి వర్తించవు.

ఆ తర్వాత తేదీ కన్నా, ఏ సరుకు దేనివల్ల పాడవుతుందో చూడాలి. బేకింగ్ పౌడర్‌కు శత్రువు తేమ. అందులో సోడా, పొడి ఆమ్లం, మొక్కజొన్న పిండి కలిసి ఉంటాయి. తేమ తగిలితే సోడా, ఆమ్లం డబ్బాలోనే కలిసిపోయి గ్యాస్ వదిలేస్తాయి, ఇక కేకులో పొంగడానికేమీ మిగలదు. పావు కప్పు వేడినీళ్లలో అర టీస్పూన్ వేయండి. వెంటనే గలగలా నురగ లేస్తే వాడండి, నాలుగు బుడగలొచ్చి ఆగిపోతే పారేయండి. నిమ్మరసం అక్కర్లేదు, ఆమ్లం అందులోనే ఉంది. ఉత్త వంటసోడాకైతే ఈ పరీక్ష చాలదు. పావు టీస్పూన్ సోడా మీద రెండు టీస్పూన్ల నిమ్మరసం పోసి చూడాలి.

ఈస్ట్ ప్రాణమున్న సరుకు. 60 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో (40 డిగ్రీల దగ్గర, మణికట్టు మీద వేస్తే చుర్రుమనకూడదు) అర టీస్పూన్ పంచదార, ఒక టీస్పూన్ ఈస్ట్ కలిపి 10 నిమిషాలు ఉంచండి. పైన మందంగా నురగ కట్టి, పులిసిన పిండి వాసన రావాలి. నీళ్లు మరీ వేడిగా ఉంటే మంచి ఈస్ట్ కూడా చచ్చిపోతుంది, అప్పుడు తప్పు ప్యాకెట్‌ది కాదు. పరీక్షించిన నీళ్లు పారబోయకుండా పిండిలోనే పోసి, కొలతలోంచి 60 మిల్లీలీటర్లు తగ్గించుకోండి.

కోకో పొడిగా ఉండి, వాసన ఉంటే నిశ్చింతగా వాడండి.

జవాబు: కేకు_పిచ్చి

నురగ కొంచెమే వస్తే ఈస్ట్ రెట్టింపు వేసేస్తే సరిపోతుంది కదండీ?

జవాబు: పిండివంట

వద్దండి. చచ్చిన ఈస్ట్ కణాల్లోంచి గ్లూటాథయోన్ అనే పదార్థం కారుతుంది. అది గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే ప్రోటీన్) పట్టును వదులు చేస్తుంది. రెట్టింపు వేస్తే చచ్చిన కణాలూ రెట్టింపే. పిండి చేతికి అంటుకుంటూ సాగిపోతుంది, బన్ను పైకి లేవకుండా పక్కలకు పరుచుకుంటుంది. కొత్త ప్యాకెట్ కొనండి. తెరిచాక గాలి చొరని సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినంత తీసి వెంటనే మూత బిగించాలి, లేకపోతే సీసా లోపల చెమ్మ పడుతుంది.

జవాబు: గోధుమ

మిగతావాటి గురించి. మైదాలో తవుడు, మొలక ఉండవు కాబట్టి నూనె శాతం తక్కువ, అందుకే గోధుమపిండి కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. జల్లించి చూడండి. గూడు కట్టినట్టు దారాలు కనిపించినా, ఎర్ర పెంకు పురుగులు పట్టి ఘాటు వాసన వచ్చినా పారేయండి. ఆ పురుగులు వదిలే క్వినోన్లు అనే ఘాటు రసాయనాలు పిండిలో కలిసిపోతాయి, జల్లిస్తే పోవు. పచ్చి పిండి నోట్లో వేసుకుని రుచి చూడకండి, ఒక చెంచా పెనం మీద వేయించి వాసన చూడండి చాలు.

పాలపొడిని నమ్మొద్దు. వెన్న తీయనిది గాలి తగిలితే త్వరగా చెడుతుంది. ఒక టేబుల్‌స్పూన్ పావు కప్పు వేడినీళ్లలో కలిపి వాసన చూడండి. పాత నూనె వాసన వచ్చినా, పొడి ముదురు పసుపుకు తిరిగి గట్టి ఉండలు కట్టినా వద్దు. అక్రోట్లు ఒకటి కొరికి చూడండి. చేదెక్కి రంగు డబ్బా వాసన వస్తే వేయించినా ఆ వాసన పోదు, కేకంతా పట్టేస్తుంది.

అమ్మకానికి చేస్తుంటే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. తేదీలో ఉన్న సరుకే వాడండి.

ప్రశ్నించినవారు

అమ్మకానికి కాదండి, ఇంట్లోకే. ఈస్ట్ బాగా పొంగింది. బేకింగ్ పౌడర్ చప్పగా ఉంది. పాలపొడి వాసన వచ్చింది, పారేశాను. కేకుకు బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్ కావాలి, ఇంట్లో మంచి వంటసోడా ఉంది.

జవాబు: పిండివంట

పావు టీస్పూన్ సోడాను మైదాతో కలిపి రెండుసార్లు జల్లించండి. అర కప్పు పుల్లటి పెరుగు వేసి, పాలు అంతే తగ్గించండి. తడి తగలగానే పొంగు మొదలవుతుంది, కాబట్టి ఓవెన్ ముందే వేడి చేసి ఉంచి, కలిపిన వెంటనే లోపల పెట్టండి. సోడా పావుకి మించితే సబ్బు రుచి వస్తుంది.