ఎన్‌హెచ్ 44 మీద రియాక్టర్ సరుకు: కర్నూలు దారిలో వద్దనాలా?

కర్నూలు కుర్రోడు:
ఉలిందకొండ దగ్గర తీసిన వీడియో ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. బోలెడు చక్రాల ట్రాలీ, దాని మీద పెద్ద ఉక్కు సిలిండర్, ముందూ వెనకా ఎస్కార్ట్. 'అణు రియాక్టర్ భాగాలు' అని రాసి పంపుతున్నారు. అది నిజమో కాదో పక్కన పెట్టండి. ఈ రోడ్డు మీద ఏదో ఒక రోజు అలాంటి సరుకు రావచ్చు. 2025 అక్టోబర్‌లో చిన్నటేకూరు దగ్గర బస్సు ఎలా కాలిపోయిందో చూశాం కదా. ఈ దారిలో వద్దు, రైల్లో పంపుకోండి అంటాను. మీరేమంటారు?

ధర్మవరం డ్రైవర్:
అది గాలిమర టవర్ ముక్క తమ్ముడూ. వాటికి దారి ఇచ్చీ ఇచ్చీ మాకు విసుగొచ్చింది. రేడియోధార్మిక సరుకైతే బండికి మూడు రెక్కల గుర్తు, కింద 7 అంకె ఉన్న బోర్డు ఉంటుంది. వీడియోలో ఎక్కడుంది?

ప్రొద్దుటూరు పెద్దాయన:
నేను కల్పాక్కం అణు కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. ముందు 'రియాక్టర్ భాగాలు' అంటే ఏమిటో చూద్దాం. పాత ప్రెజర్ ట్యూబులు, కంట్రోల్ రాడ్లు, లోపలి ఉక్కు సామాను. ఉక్కులో ఉండే కొద్దిపాటి కోబాల్ట్ న్యూట్రాన్ల దెబ్బకు రేడియోధార్మికమైన కోబాల్ట్-60 అవుతుంది. దాని అర్ధాయుష్షు, అంటే సగానికి తగ్గే కాలం, 5.27 ఏళ్లు, అంటే సుమారు యాభై ఏళ్లకు వెయ్యో వంతుకు తగ్గుతుంది. అందుకే మన దేశంలో వీటిని సాధారణంగా ప్లాంటు ఆవరణలోనే కాంక్రీటు గుంతల్లో పెట్టి మూసేస్తారు. రోడ్డెక్కాల్సింది ముఖ్యంగా వాడేసిన ఇంధనం. దాన్ని ముందు కొన్నేళ్లు నీళ్లలో చల్లార్చి, తర్వాత రీప్రాసెసింగ్‌కు, అంటే అందులో మళ్లీ పనికొచ్చేది వేరు చేయడానికి, తారాపూర్‌కో కల్పాక్కానికో పంపుతారు.

దాన్ని మోసే పెట్టెను కాస్క్ అంటాం. మందపాటి ఉక్కు, మధ్యలో సీసం, లేదంటే మొత్తం పోత ఇనుమే. రెండు కొసలకూ దెబ్బ తగ్గించే టోపీలు, వాటిలో చాలాసార్లు బాల్సా చెక్క నింపుతారు. ఇంత ఉక్కు పక్కన చెక్కేమిటని నవ్వకండి, నలిగిపోవడమే దాని పని. ఈ రకం పెట్టెలకు అంతర్జాతీయ పరీక్షలున్నాయి. 9 మీటర్ల ఎత్తు నుంచి పడేస్తారు. 15 సెంటీమీటర్ల ఉక్కు కడ్డీ మీద మీటరు ఎత్తు నుంచి వదులుతారు. 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచాలి. నీళ్లలో ముంచే పరీక్ష వేరే. చిన్నటేకూరు బస్సుకూ దీనికీ పోలిక లేదు.

సందేహాల రాయుడు:
లెక్క నేనూ వేశాను సార్. 9 మీటర్ల నుంచి పడితే నేలను తాకే వేగం గంటకు 48 కిలోమీటర్లు. మన హైవే మీద లారీ 80లో పోతుంది. ఇక మంట అరగంటకే ఆరిపోతుందా? 2001లో అమెరికాలోని బాల్టిమోర్ సొరంగంలో గూడ్సు రైలు రోజుల తరబడి కాలింది.

ప్రొద్దుటూరు పెద్దాయన:
వేగం ఒక్కటే చూస్తే ఎలా? పరీక్షలో పెట్టె పడే నేల ఏమాత్రం లొంగదు. దెబ్బంతా పెట్టె మీదే. రోడ్డు మీద ఎదురయ్యే లారీ, గోడ, మట్టి అన్నీ నలుగుతాయి, దెబ్బను పంచుకుంటాయి. 1984లో బ్రిటన్‌లో ఇలాంటి పెట్టెను పట్టాల మీద పడేసి, గంటకు 160 కిలోమీటర్ల వేగంతో రైలింజన్‌తో గుద్దించారు. ఇంజన్ తుక్కయింది, పెట్టె నిలిచింది.

బాల్టిమోర్ మంట తర్వాత అక్కడి అణు నియంత్రణ సంస్థ లెక్కలు కట్టింది. పెట్టె నిలుస్తుందనీ, కొన్ని నమూనాల్లో మూత సీళ్లు మాత్రం తట్టుకునే వేడిని దాటొచ్చనీ తేల్చారు. అంటే మీ అనుమానంలో కొంత పస ఉంది, కానీ అది సొరంగం విషయం. కర్నూలు, గుత్తి మధ్య సొరంగం ఎక్కడుంది?

వేంపల్లి వాసి:
పెద్దాయనా, పెట్టె గట్టిదే, ఒప్పుకుంటా. మరి మా వైపు పెట్టే లేని సరుకు సంగతి? తుమ్మలపల్లె యురేనియం గని ఖనిజంలో టన్ను రాయికి అర కిలో యురేనియం కూడా రాదు. మిగతా పొడంతా బురదగా టెయిలింగ్ పాండ్ అనే వ్యర్థాల చెరువులోకే. అసలు ఖనిజంలో ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం అర్ధాయుష్షు 1600 ఏళ్లు. దాని అడుగున లైనింగ్ సరిగా ఉందా లేదా అని ఏళ్లుగా గొడవ. బోర్ల నీళ్లు చెడిపోయాయి, అరటి తోటలు ఎండిపోతున్నాయని కొట్టాల రైతులు చేస్తున్న ఫిర్యాదులు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. ఎప్పుడో వచ్చే ట్రాలీ మీద ఇంత చర్చా!

ప్రొద్దుటూరు పెద్దాయన:
రెండూ ఒకే తక్కెడలో పెట్టొద్దు నాయనా. వాడిన ఇంధనం పక్కన కవచం లేకుండా నిలబడితే నిమిషాల్లో ప్రాణాంతకమైన మోతాదు పడుతుంది. ఆ టెయిలింగ్ పాండ్ గట్టు మీద నిలబడితే ఏమీ కాదు.

వేంపల్లి వాసి:
గట్టు మీద నిలబడటం గురించి కాదు సార్, ఇరవై ఏళ్లు ఆ నీళ్లు తాగడం గురించి. మీ కాస్క్ సీలు ఊడితే తెలుసుకోవడానికి మీటర్లుంటాయి, మనుషులుంటారు. మా వైపు బోరు నీళ్లను టెస్ట్ చేయించిన కాగితం కోసం రైతు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

కర్నూలు కుర్రోడు:
టాపిక్ మారుతోంది, దానికి వేరే థ్రెడ్ పెట్టుకుందాం. రైలు సంగతి ఎవరూ చెప్పలేదు.

వేంపల్లి వాసి:
వేరే థ్రెడ్ ఎందుకు? రెండూ రేడియోధార్మిక సరుకే కదా, భద్రంగా ఉంచడం గురించే కదా మాట్లాడేది.

ధర్మవరం డ్రైవర్:
రైలైనా గుత్తి, గుంతకల్లు జంక్షన్ల మీదుగానే పోవాలి తమ్ముడూ. అక్కడ జనం లేరా? పెట్రోల్ ట్యాంకర్ నడిపేవాళ్ల దగ్గర ట్రెమ్ కార్డు ఉంటుంది, ప్రమాదం జరిగితే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో అందులో రాసి ఉంటుంది. మొదట పరుగెత్తుకొచ్చేది పక్క ధాబావాళ్లు, వెనక బండి డ్రైవర్లు. దగ్గరికి రావాలో, ఎంత దూరంలో ఆగాలో వాళ్లకు ఎవరు చెప్తారు? పెద్దాయనా, దీనికి మీ దగ్గర జవాబుంటే రాయండి, మా యూనియన్ గ్రూపులో పెడతాను.