ముసురులో పాలీహౌస్ కీరా: ఆకు తడి, బూజు తెగులు, తట్టుకునే రకాలు

పరకాల_పాలీ:
అందరికీ నమస్కారం. పరకాల దగ్గర మాది అర ఎకరం పాలీహౌస్. పక్కలకు తెరలు, పైన గాలి కిటికీ ఉన్న మామూలు రకం, ఫ్యాన్లు లేవు. కీరా తీగ పైన కట్టిన వైరు దాకా అల్లుకుంది, కాయ దిగుతోంది. పునర్వసులో పట్టిన ముసురు ఇంకా వదలడం లేదు. తెల్లారి లోపలికి పోతే పై కవరు నుంచి చుక్కలు ఆకుల మీద రాలుతున్నాయి. కింది ఆకుల మీద పసుపు మచ్చలు మొదలైనయ్. మందుల దుకాణంలో మెగ్నీషియం లోపమన్నారు, పక్క ఊరి రైతేమో బూడిద తెగులు, గంధకం కొట్టమన్నాడు. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట, వచ్చే వానకాలానికి తేమకు ఆగే రకం ఏదైనా ఉంటే చెప్పండి.

హసన్‌పర్తి_అక్క:
తమ్ముడూ, ముందు మచ్చ ఆకారం చూడు. ఆకు ఈనెల దగ్గర ఆగిపోయి గళ్లు గళ్లుగా, కోణాలు తేలి ఉంటే అది బూజు తెగులు. మెగ్నీషియం లోపమైతే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగమంతా పాలిపోతుంది, మచ్చకు అంచు కనపడదు. బూడిద తెగులుకు ఆకు మీద తెల్లటి పొడి ఉంటుంది, వేలితో రుద్దితే అంటుకుంటుంది.

అప్పటికీ అనుమానం తీరకపోతే సాయంత్రం మచ్చలున్న ఆకు ఒకటి కోసి, తడిపిన కాగితంతో పాటు ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టు. తెల్లారి తీసి ఆకు వెనక్కి తిప్పు. మచ్చ ఎంత మేర ఉందో సరిగ్గా అంత మేర ఊదా కలిసిన బూడిద రంగు నూగు కనపడితే ఇంక వేరే మాట లేదు.

పరకాల_పాలీ:
అక్కా, కవర్లో పెట్టి చూశాను. మీరు చెప్పినట్టే నూగు వచ్చింది. అయితే గంధకం పనికిరాదా?

జగిత్యాల_హార్టి:
బూజు తెగులు మీద గంధకం పనిచేయదు. బూడిద తెగులు, బూజు తెగులు పేర్లు దగ్గరగా ఉన్నా జాతులు వేరు. బూడిద తెగులుకు ఆకు మీద నీళ్లు నిలవాల్సిన పని లేదు. బూజు తెగులు మాత్రం నీటి జాతిది, ఆకు తడిగా ఉంటేనే దాని బీజం మొలిచి లోపలికి పోతుంది. పైగా ఎండ ముదిరిన రోజు గంధకం కొడితే దోస జాతి ఆకులు మాడతాయి.

చుక్కలు ఎందుకు రాలుతున్నాయో కూడా చెప్తాను, అసలు కథంతా అక్కడే ఉంది. సాయంత్రం లోపల 30 డిగ్రీలు, తేమ 70 శాతం ఉందనుకోండి. మీటరు చూసి పర్వాలేదనుకుంటాం. అదే గాలి రాత్రి 24 డిగ్రీలకు దిగితే చాలు, అందులోని తేమ నూరు శాతానికి చేరుతుంది. అంతకన్నా చల్లబడిన కవరు మీద, ఆకు మీద నీరు పడుతుంది. బయట చినుకు లేకున్నా లోపల రాత్రంతా ఆకు తడిసే ఉంటుంది. బూజు నూగు వచ్చేది కూడా ఆ రాత్రి తేమలోనే, తెల్లారి గాలి కదలగానే వేరే ఆకులకు ఎగిరిపోతుంది. అందుకే వాన ఎన్ని మిల్లీమీటర్లు పడిందని కాదు, ఆకు ఎన్ని గంటలు తడిగా ఉందని లెక్క చూడాలి.

హనుమకొండ_షేడ్‌నెట్:
మరి ముసురులో తెరలు ఎత్తితే బయటి తడి గాలే కదా లోపలికొచ్చేది? నేనైతే దించే ఉంచుతాను.

నర్సంపేట_రైతు:
అన్నా, ఆ పద్ధతి మానుకోండి. లోపల అన్ని మొక్కలు పగలంతా ఆకుల నుంచి నీరు వదులుతూనే ఉంటాయి. తెర దించితే ఆ తేమ ఎటు పోవాలె? బయటి గాలి ఎంత తడిగా ఉన్నా లోపలి గాలికన్నా కొంత నయమే, పైగా కదిలే గాలికి ఆకు ఆరుతుంది. మన వైపు ఈ కాలంలో గాలీ వానా ఎక్కువగా పడమర నుంచే కాబట్టి జల్లు కొట్టేటప్పుడు ఆ పక్క తెర దించుతాం. తూర్పు పక్క, పైన కిటికీ మూసేది లేదు. వాన తగ్గగానే అన్నీ ఎత్తేస్తాం. ఈదురుగాలి ఉంటే వేరే మాట, అప్పుడు కవరును కాపాడుకోవాలి.

డ్రిప్పు పొద్దున్నే, అదీ వేరు ఎంత తాగుతుందో అంతే. సాయంత్రం నీళ్లు వద్దు. ఫాగర్లు, అంటే మంచులా నీళ్లు చిమ్మేవి, ఉన్నవాళ్లు ఈ కాలంలో బందు పెట్టండి. బాటల్లో నేల తడిగా ఉన్నా అదంతా ఆవిరై ఆకు మీదికే వస్తుంది. బాటకు కలుపు షీటు, బెడ్డుకు మల్చింగ్ పరిస్తే తేడా కళ్లకు కనపడుతుంది. పాలీహౌస్ చుట్టూ కాలువ తీసి ఉందా? రేగడి నేలైతే అది లేకుండా మిగతావి ఎన్ని చేసినా దండగే.

హసన్‌పర్తి_అక్క:
కింది ఆకుల సంగతి ఎవరూ చెప్పలేదు. కాయ కోసిన కణుపు కింద ఉన్న ముదురాకులు తీసేయాలి, అప్పుడే తీగ మొదలు దగ్గర గాలి ఆడుతుంది. తడి మీద మాత్రం కోయొద్దు. కాస్త పొడిగా ఉన్న మధ్యాహ్నం పూట, కాండం దగ్గరగా శుభ్రంగా కత్తిరించాలి. తడి గాయంలోంచే బంక తెగులు దిగుతుంది, అది కాండానికి పట్టిందంటే తీగ మొత్తం పోయినట్టే. కోసిన ఆకులు బాటలో పడేయకుండా బస్తాలో వేసి బయట దూరంగా పూడ్చండి.

పరకాల_పాలీ:
ఇప్పుడు ఏ మందు కొట్టమంటారు? కాయ రోజు విడిచి రోజు కోస్తున్నాం.

జగిత్యాల_హార్టి:
మాంకోజెబ్ లాంటివి తెగులు రాకముందు ఆకును కాపాడటానికే. లోపలికి దిగిన తర్వాత వాటితో లాభం తక్కువ. మెటలాక్సిల్ కలిసినవి చాలా చోట్ల ఈ తెగులు మీద పట్టు కోల్పోయాయి, అదే మళ్లీ మళ్లీ కొట్టడం వల్ల వచ్చిన తిప్పలు. ఒకే గుంపు మందు, అంటే ఒకే తీరుగా పనిచేసేది, వరుసగా వాడకుండా మార్చాలి. మబ్బు పట్టి ఆకు ఆరని రోజు రాగి మందులు కొడితే లేతాకు మాడుతుంది, చూసుకోండి. ఏది కొట్టినా పొద్దున కొట్టి మధ్యాహ్నానికి ఆరేలా చూడాలి. నూగు ఉండేది ఆకు వెనక కాబట్టి నాజిల్ కింది నుంచి పైకి తిప్పాలి.

మీరు రోజు విడిచి రోజు కోస్తామన్నారే, నాకు అదే భయం. కీరా తొక్కతో పచ్చిగా తినే కాయ. మందు డబ్బా మీద ఎన్ని రోజులు ఆగాలని ఉందో అన్ని రోజులు ఆగాల్సిందే. ఆ మధ్యలో వచ్చిన కాయ కోసి పారేయండి కానీ మార్కెట్‌కు పంపొద్దు. నష్టమే, కాదనను. పిల్లలు తినే కాయ అది. మందు పేరు మాత్రం ఇక్కడ చూసి కొనకండి. ఆకు పట్టుకుని వరంగల్ ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లి అడగండి. మా జగిత్యాల వైపు వాళ్లయితే పొలాసలోని పరిశోధన స్థానానికి పోవచ్చు.

నర్సంపేట_రైతు:
రకం గురించి అడిగావు కదా తమ్ముడూ. పాలీహౌస్‌లో నెట్టు ఉంటది, తేనెటీగ రాదు. కాబట్టి పరాగం లేకుండానే కాయ పట్టే రకమే వేయాలి, బయట వేసే దోస విత్తనం లోపల నడవదు. మంచి కంపెనీల ప్యాకెట్ మీద తెగుళ్ల గుర్తులు వేస్తారు. పీసీయూ అంటే బూజు తెగులు, పీఎక్స్ అంటే బూడిద తెగులు. పక్కన హెచ్‌ఆర్ ఉంటే బాగా తట్టుకుంటుందని, ఐఆర్ ఉంటే కొంతవరకేనని అర్థం. చాలా వాటికి పీఎక్స్ ఒక్కటే ఉంటది, దుకాణం వాళ్లు దాన్నే చూపించి అన్ని తెగుళ్లకూ ఆగుతుందంటారు. వానకాలానికి పీసీయూ ఉందా లేదా అని నువ్వే చదువుకో. ఐఆర్ రకమైనా ఆకు రాత్రంతా తడిస్తే తెగులు వస్తది, కానీ మెల్లగా వస్తది, కోసుకునే టైం దొరుకుతది. ఎండాకాలం దూరంలోనే నాటకు, సాళ్లు కొంచెం ఎడంగా పెట్టు.

పరకాల_పాలీ:
చాలా థ్యాంక్స్ అన్నా. తూర్పు తెర ఇవాళే ఎత్తాను. ఈ పంట తీసేశాక నేలలో తెగులు మిగిలిపోతదా?

జగిత్యాల_హార్టి:
బూజు తెగులు బతకాలంటే బతికున్న దోస జాతి మొక్క కావాలి, అందుకని మన దగ్గర దాని భయం నేల కన్నా చుట్టుపక్కల పందిళ్ల నుంచే ఎక్కువ. మీ చుట్టూ బీర, కాకర, దోస పాదులు ఏవైనా ఉంటే వాటి ఆకులు కూడా ఇప్పుడే తిప్పి చూడండి. పాత తీగ పూర్తిగా తీసి, లోపల పడి మొలిచిన దోస మొక్క ఒక్కటి కూడా లేకుండా చేసి, అప్పుడు కొత్త నారు లోపలికి తీసుకురండి. బంక తెగులు మాత్రం ఎండిన తీగల్లోనూ బతుకుతుంది, దానికోసమైనా చెత్త ఉంచొద్దు.

హసన్‌పర్తి_అక్క:
పాత తాళ్లు కూడా తీసేయ్ తమ్ముడూ, ఎండు తీగ ముక్కలు వాటికి చుట్టుకునే ఉంటాయి.