సికారియో (2015)లో కేట్ పాత్ర మీకు కరెక్టుగానే అనిపించిందా? (స్పాయిలర్లు ఉన్నాయి)

మ్యాట్నీ మూర్తి:

నిన్న రాత్రి సికారియో చూశాను. డెనిస్ విల్నెవ్ సినిమా. మెక్సికో డ్రగ్ కార్టెల్స్ కథ అంటే రెండు గంటలూ కాల్పులే అనుకుని కూర్చున్నా. మొదటి పది నిమిషాలకే ఒళ్లు జలదరించింది. అరిజోనాలో ఏ ప్రత్యేకతా లేని ఇల్లు, ఎఫ్‌బీఐ వాళ్లు బండితో గోడ కూల్చుకుని లోపలికి దూరతారు, తుపాకీ దెబ్బకి ఇంకో గోడకు కన్నం పడితే అందులో పాలిథిన్ చుట్టిన శవాలు. ఒకటి కాదు, గోడల నిండా అవే. ఇదంతా ఎఫ్‌బీఐ ఏజెంట్ కేట్ (ఎమిలీ బ్లంట్) కళ్లతోనే చూపిస్తాడు కాబట్టి ఈ కార్టెల్ అంతు చూసేది ఈమే అని ఫిక్సయిపోయా.

తీరా చూస్తే చివరిదాకా ఆమె సాధించింది ఏమీ లేదు. ప్రశ్నలు అడుగుతుంది, ఎవడూ జవాబు చెప్పడు. ఓ రహస్య ఆపరేషన్ టీమ్‌లో చేర్చుకుని, అమెరికాలోని ఎల్‌పాసో అని విమానం ఎక్కించి సరిహద్దు అవతల మెక్సికోలోని జువారెజ్ తీసుకెళ్తారు. బార్లో పరిచయమైన పోలీసు కార్టెల్ మనిషని తేలి గొంతు నులుముతుంటే ఆ టీమ్‌లోని అలెహాంద్రో (బెనీసియో డెల్ టోరో) వచ్చి కాపాడాలి. అసలు క్లైమాక్స్‌లో ఆమె తెర మీదే లేదు! సెకండాఫ్‌లో హీరోని మార్చేశారా, లేక నాకు అందని విషయం ఏదైనా ఉందా? ఇంకో డౌట్, ఇది ఇంట్లో అమ్మానాన్నలతో కలిసి చూడొచ్చా? మా నాన్నకి క్రైమ్ సినిమాలంటే బాగా ఇష్టం.

సెకండ్‌షో శీను:

మూర్తి గారూ, మీకు ఇబ్బంది అనిపించిన చోటే సినిమా ఉంది. ఆమెను టీమ్‌లోకి ఎందుకు తీసుకున్నారో ఆ మొదటి మీటింగ్ మళ్లీ చూడండి. చుట్టూ సూట్లు వేసుకున్న పెద్దమనుషులు, ఆపరేషన్ నడిపే సీఐఏ మనిషి మ్యాట్ (జోష్ బ్రోలిన్) ఒక్కడే చెప్పులేసుకుని కులాసాగా కూర్చుని ఉంటాడు. కేట్ పార్టనర్ రెజీ లా చదివాడని తెలియగానే వాడు వద్దంటారు. రూల్స్ తెలిసినవాడు పక్కనుంటే వాళ్లకు కష్టం కదా.

అసలు కారణం సరిహద్దు కింది సొరంగం సీన్ తర్వాత మ్యాట్ తనే చెప్తాడు. సీఐఏ అమెరికా గడ్డ మీద సొంతంగా ఆపరేషన్ చేయకూడదు, దేశంలో పనిచేసే ఏజెన్సీ ఏదో ఒకటి వెంట ఉండాలి. అందుకే ఎఫ్‌బీఐ నుంచి ఒక మనిషి కావాలి, ఆ మనిషి బుర్రతో వాళ్లకు పని లేదు. గ్రామసభ పెట్టకుండానే తీర్మానం రాసుకుని ఇంటికొచ్చి వేలిముద్ర అడిగినట్టు అన్నమాట. ఆ సొరంగంలో కాల్పులు కూడా డ్రగ్స్ పట్టుకోవడానికి కాదు, ఆ గోలలో అలెహాంద్రో అవతలికి దాటిపోవడానికి. చివర్లో అతను ఆమె గడ్డం కింద తుపాకీ పెట్టి, అంతా చట్టప్రకారమే జరిగిందని రాసున్న కాగితం మీద సంతకం చేయించుకుంటాడు చూడండి, రెండు గంటల నుంచీ అందరూ ఎదురుచూసింది ఆ సంతకం కోసమే.

ఇంకోటి, ఈ పాత్రను మగాడిగా మార్చమని రచయిత టేలర్ షెరిడన్ మీద ఒత్తిడి వచ్చిందని బ్లంట్ ఇంటర్వ్యూల్లో చెప్పింది. మార్చి ఉంటే చివర్లో ఆ మగాడు మెషిన్ గన్ తీసుకుని అందరినీ లేపేసేవాడు, మనం మర్నాటికి మర్చిపోయేవాళ్లం.

గోదారి గట్టు:

శీను గారు చెప్పిన లాజిక్ బాగానే ఉంది, సంతకం పాయింట్ నేనూ ఒప్పుకుంటా. కానీ నిస్సహాయురాలిగా చూపించడం వేరు, మనిషిగా రాయకపోవడం వేరు. కేట్ గురించి మనకు ఏం తెలుసు? విడాకులైంది, సిగరెట్ మళ్లీ మొదలెట్టింది, అంతే. అదే సిల్వియో అనే ఆ మెక్సికో పోలీసును చూడండి, పది మాటలు కూడా మాట్లాడడు, కానీ కొడుకు వచ్చి నిద్ర లేపడం, ఫుట్‌బాల్‌కి తీసుకెళ్లమని అడగడం, కాఫీలో మందు కలుపుకోవడం, నాలుగైదు చిన్న ముక్కల్లోనే ఒక కుటుంబం కనపడుతుంది. కేట్‌కి ఆ మాత్రం కూడా ఇవ్వలేదు.

నాకు అంతకంటే పెద్ద సమస్య అలెహాంద్రో. డెల్ టోరో తన డైలాగులు చాలావరకు తనే తీసేయించాడట, అది గొప్ప ఐడియానే, మాట్లాడకపోవడం వల్లే ఆ మనిషికి అంత బరువొచ్చింది. ఒకప్పుడు జువారెజ్‌లో ప్రాసిక్యూటర్, భార్యనీ కూతురినీ కార్టెల్ బాస్ చంపించాడు, ఆ విషయం ఒకటి రెండు వాక్యాల్లో వస్తుంది. అక్కడి నుంచి కెమెరా వాడితో ప్రేమలో పడిపోయింది. డిన్నర్ టేబుల్ దగ్గర పిల్లలని చంపేవాడికి కూడా జనం యూట్యూబ్ కామెంట్లలో చప్పట్లు కొడుతున్నారంటే తప్పు ప్రేక్షకులదేనా? చట్టాన్ని పక్కన పెడితే ఏమవుతుందో చూపిస్తానని మొదలుపెట్టి, పక్కన పెట్టినవాడికే ఎలివేషన్ ఇచ్చాడు డైరెక్టర్.

డాలస్ బాబాయ్:

నేను టెక్సస్‌లోనే ఉంటాను, పని మీద ఎల్‌పాసో వెళ్లొచ్చాను. హైవే మీద వెళ్తుంటే పక్కనే నది, నది దాటితే జువారెజ్ ఇళ్లు కళ్లకు కనపడతాయి. సినిమాలో ఆఫీసు బిల్డింగ్ పైకెక్కి అవతల జరిగే పేలుళ్లని టపాకాయలు చూసినట్టు చూస్తారు కదా, అంత దగ్గర. 2010లో జువారెజ్‌లో హత్యలు 3 వేలు దాటాయి, అదే ఏడాది ఎల్‌పాసోలో 5. నది ఒడ్డు మారితే లెక్క అంత మారిపోయింది.

అయితే సినిమా వచ్చిన 2015 నాటికి జువారెజ్‌లో హత్యలు చాలా తగ్గిపోయాయి, అందుకే అక్కడి మేయర్ ఈ సినిమాను బహిష్కరించమని పిలుపునిచ్చాడు. ఊరు ఇప్పుడిప్పుడే లేస్తుంటే మళ్లీ వంతెనకు వేలాడే శవాలు చూపిస్తారా అని వాళ్ల కోపం. న్యాయమైన కోపమే అనుకుంటాను. సినిమాలో జువారెజ్ మనుషులెవరూ నోరు విప్పి మాట్లాడరు, ఊరంతా కారు అద్దంలోంచి కనపడే భయంకరమైన దృశ్యమే.

కానీ మ్యాట్ చెప్పే మెడెయిన్ (కొలంబియాలో ఎస్కోబార్ కార్టెల్ ఉన్న ఊరు) మాట, అంటే వ్యాపారమంతా ఒకే ముఠా చేతిలో ఉన్న రోజుల మాట మాత్రం కల్పితం అని కొట్టిపారేయలేం. ఒకప్పుడు వ్యాపారమంతా కొలంబియా వాళ్ల చేతిలో ఉండేది, సరుకు కరేబియన్ మీదుగా ఫ్లోరిడాకి వచ్చేది. 80లలో అమెరికా ఆ దారిని బిగించేసరికి సరుకు మెక్సికో వైపు మళ్లింది. మొదట్లో కూలికి మోసిన మెక్సికో ముఠాలే, 1993లో ఎస్కోబార్ చచ్చాక, కొలంబియాలోనే ఉన్న కాలి కార్టెల్ కూడా కూలాక, యజమానులయ్యాయి. 2006 డిసెంబర్‌లో మెక్సికో అధ్యక్షుడు కాల్డెరాన్ సైన్యాన్ని దింపాడు, పెద్ద ముఠాలు ముక్కలయ్యాయి, ముక్కలన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకున్నాయి. కొనేవాళ్లు తగ్గనప్పుడు అమ్మేవాడు ఒక్కడే ఉంటే మనకు సుఖం అనేది మ్యాట్ వాదన. వింటే అసహ్యం వేస్తుంది, కానీ పక్కనే కూర్చున్న కేట్ దగ్గర దానికి జవాబు లేదు. గోదారి గట్టు గారు అన్నది ఇక్కడ నిజమే, ఆమెకు ఒక్క మంచి జవాబు రాసిపెట్టాల్సింది.

నర్సీపట్నం నాని:

నాకు సినిమా అంతా సిల్వియోదే. పోలీసు బండిలో సరుకు మోస్తాడు, ఎవరికి పనిచేస్తున్నాడో వాడికే సరిగ్గా తెలిసి ఉండదు, చచ్చేది మాత్రం వాడే. మా వైపు మన్యం ఏజెన్సీ నుంచి గంజాయి మోస్తూ దొరికేవాళ్లలో కూడా కుర్రాళ్లే ఎక్కువ. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే కనీసం పదేళ్లు జైలు. తెప్పించుకున్నవాడు ఏ సిటీలోనో హాయిగా ఉంటాడు. అక్కడికీ ఇక్కడికీ పోలిక లేదు, అంత హింస ఇక్కడ లేదు, కానీ మోసేవాడి బతుకు చూపించిన సినిమాలు తక్కువ కాబట్టి చెప్తున్నా.

రీలు డబ్బా:

మూర్తి గారి రెండో ప్రశ్న అందరూ వదిలేశారు. నాన్నగారితో చూడొచ్చు, అమ్మగారితో వద్దు అంటాను. గోడల్లో శవాలు, వంతెన సీను వదిలేస్తే హింస చాలావరకు కళ్లకు చూపించడు. ఖైదీని హింసించే సీన్‌లో మనకు కనపడేది పెద్ద నీళ్ల క్యాన్, నేల మీద నీళ్లు పోయే కన్నం, అంతే. మిగతాది మన బుర్రే ఊహించుకుంటుంది, అది ఇంకా ఘోరం.

బ్రిడ్జి మీద ట్రాఫిక్ జామ్ సీన్ ఒక్కటి పాఠంలా చూడాలి. తిరిగొస్తుంటే కార్లన్నీ ఆగిపోతాయి, ఏ కారులో ఎవరున్నారో తెలీదు, ఒకడి మెడ మీద పచ్చబొట్టు కనపడుతుంది, ఇంకోడి ఒళ్లో తుపాకీ. నిమిషాల తరబడి టెన్షన్, కాల్పులు మాత్రం కొన్ని సెకన్లలో అయిపోతాయి. మన సినిమాల్లో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. కింద గర్జించినట్టు వినిపించే ఆ సంగీతం ఐస్‌లాండ్‌కి చెందిన యోహన్ యోహన్సన్‌ది, టీవీ స్పీకర్లలో సగం కూడా వినపడదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. కెమెరా రోజర్ డీకిన్స్. సాయంత్రం వెలుగు ఆకాశంలో మిగిలుండగా సైనికులు ఒక్కొక్కరే నల్లని బొమ్మల్లా సొరంగం వైపు దిగిపోయే షాట్ కోసమైనా ఆస్కార్ ఇవ్వాల్సింది, మూడు నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ రాలేదు.

మ్యాట్నీ మూర్తి:

అందరికీ థ్యాంక్స్. సంతకం విషయం నా దృష్టికి రాలేదు, ఆ మీటింగ్ సీన్ మళ్లీ చూస్తా. అయినా గోదారి గట్టు గారి వైపే నా ఓటు, ఆమెకు ఏమీ తెలియకపోవడం సరే, క్లైమాక్స్‌లో పూర్తిగా వదిలేయడం ఏంటి? సరే, రెండో భాగం ఉందంటున్నారు, చూడొచ్చా?

సెకండ్‌షో శీను:

2018లో వచ్చింది. రాసింది షెరిడనే, కానీ విల్నెవ్ లేడు, డీకిన్స్ లేడు, బ్లంట్ కూడా లేదు. స్టెఫానో సొల్లిమా డైరెక్షన్. కాల్పులు ఎక్కువ, పూర్తిగా అలెహాంద్రో, మ్యాట్‌ల సినిమా. కేట్ లేకపోతే బాగుండేదని ఎవరికైనా అనిపిస్తే అది చూసి వచ్చి ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.