‘శోధనలోకి తేక’: తెచ్చేదెవరు?

(బ్రాడీపేట, గుంటూరు)
మా నాయనమ్మ నోట ‘శోధన’ అనే మాట రోజుకు నాలుగుసార్లయినా వినపడేది. గేదె చచ్చిపోయినా శోధనే, బాబాయ్ పేకాట మానలేకపోయినా శోధనే. మొన్న ఆఫీసులో ఒకాయన గురించి ‘పాపం, శోధనలో ఉన్నాడు, ప్రార్థన చేయాలి’ అన్నాను. పక్క సీటాయన ‘ఏ సబ్జెక్టులో?’ అనడిగారు! చర్చి గుమ్మం దాటితే శోధించడమంటే వెతకడమే కదా. శుద్ధికీ దీనికీ ధాతువు ఒకటే. బైబిలు గ్రీకు మూలంలో ఉన్న ‘పెయిరాస్మోస్’కి పరీక్ష అనీ అర్థముంది, ఆశపెట్టి లాగడం అనీ అర్థముంది. ఈ కాలానికి ‘ప్రలోభం’ అని రాస్తే సరిపోదా?

(తెనాలి)
సరిపోదండి. బైబిల్లో యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తీయండి. రెండో వచనంలో ‘నానా విధములైన శోధనలలో పడునప్పుడు’ ఆనందించమంటాడు. అవి కష్టాలు. పద్నాలుగులో ‘తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై శోధింపబడును’ అంటాడు. అది పేకాట. ప్రలోభం అని మారిస్తే మీ నాయనమ్మగారి గేదె ఎటు పోవాలి? ‘మరులు కొల్పబడి’ అన్న అనువాదకుడికి మాత్రం దండం పెట్టాలి.

(గుణదల, విజయవాడ)
అసలు చిక్కు ఆ మధ్యలో పదమూడో వచనంలో ఉంది: దేవుడు ‘ఎవనిని శోధింపడు’. మరి యేసు నేర్పిన ప్రార్థనలో, అదే మీ పరలోక ప్రార్థనలో, ‘శోధనలోకి తేక’ అని ఆయన్నే ఎందుకు అడుగుతారు? మా కతోలికుల పరలోక జపంలో ‘శోధనయందు ప్రవేశింపనివ్వక’ అని ఉంటుంది. మీరు ‘నీ నామము’ అంటారు, మేము ‘మీ నామము’ అంటాం, అది వేరే గొడవ. దేవుడే లోపలికి నెడుతున్నట్టు వినిపిస్తోందని ఫ్రాన్సులో 2017 చివర్లో, ఇటలీలో 2020లో ఈ వాక్యం మార్చుకున్నారు. తెలుగులో మా పెద్దలు ముందే జాగ్రత్తపడ్డారు.

(బ్రాడీపేట)
ఒప్పుకుంటున్నానండి, మీదే నయం. మా లూథరన్లకూ, అంటే లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్లకూ, ఆ అనుమానం ఉన్నట్టుంది. లూథర్ 1529 నాటి చిన్న కాటకిజంలో (ప్రశ్నోత్తరాల మతబోధ పుస్తకంలో) ఆ మనవి దగ్గర మొదటి మాటే ‘దేవుడు ఎవరినీ శోధించడు’ అని. అయితే యేసు పట్టుబడే ముందు ప్రార్థించిన గెత్సేమనే తోట ఘట్టంలో మా బైబిలు కూడా మీలాగే అంటుంది: ‘మీరు శోధనలో ప్రవేశింపకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థనచేయుడి’. ‘ప్రవేశించినప్పుడు’ అనలేదు చూడండి. ప్రార్థన గుమ్మం ఇవతలే జరగాలి. దానికి ముందు ‘ఒక గడియయైనను’ మేల్కొని ఉండలేరా అని యేసు తన శిష్యుడు పేతురును అడుగుతాడు. మూలంలో ఉన్నది గంట. మన లెక్కలో గడియ అంటే 24 నిమిషాలే. తెలుగు పేతురుకి బాగానే తగ్గించారు!

(తెనాలి)
బైబిల్లోనే పౌలు ‘యెడతెగక ప్రార్థనచేయుడి’ అన్నదాన్ని కూడా చాలామంది ఆపకుండా పెదవులు కదపడం అనుకుంటారు. ఎడ అంటే సందు, మధ్య జాగా. గ్రీకులోనూ సందు వదలకుండా అనే. ఎడతెగని ముసురు అంటాం కదా, అందులో చినుకు ఆగుతుంది, మబ్బు విడవదు. ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా చేసే చైన్ ప్రేయర్లు పెట్టి గంటలు లెక్కేసే మా సంఘానికి ఈ మాట చెప్తే నన్నే శోధకుడంటారు, అంటే సాతాను అని!

(గుణదల)
ఇంతకీ మీ బాబాయ్ గారి పేకాట ఏమైందండీ?

(బ్రాడీపేట)
ఆరింటికి ఈల వేసి పిలిచేవాళ్లు. ఈల వినపడ్డాక మోకాళ్ల మీద పడేవాడు, ‘ఆమేన్’ అనేలోపే చెప్పులు వేసుకునేవాడు. నాయనమ్మ చూసి చూసి, ఐదున్నరకే పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టింది. గడియకు కాస్త ఎక్కువే. మామూలు రోజుల్లో ఆగేవాడు. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం దొరికేవాడు కాదు.