గ్రేహౌండ్స్ మనుషుల్ని ఈగల్‌కి ఇస్తే?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర పల్లె. చిన్నప్పుడు సంతకెళ్లి వస్తుంటే పోలీసులు సంచి విప్పించి, "ఈ బియ్యం అన్నలకేనా?" అని అడిగేవారు. ఇప్పుడు అదే చెక్‌పోస్టులో బస్సు సీట్ల కింద టార్చి కొట్టి గంజాయి వెతుకుతున్నారు. నక్సలైట్లను ఎదుర్కోడానికి 1989లో పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసు దళం నుంచి కొందరిని, గంజాయి, డ్రగ్స్ పని పట్టే పోలీసు విభాగం ఈగల్‌కి పంపొచ్చు కదా?

జవాబు: రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్‌ని. కూంబింగ్ వేరు, గంజాయి కేసు వేరు బాబూ. 20 కిలోలు దాటితే కమర్షియల్ కేసు, అంటే శిక్ష భారీగా పడే కేసు. మూటలు తూచాలి, పంచనామా రాయాలి, మేజిస్ట్రేట్ ముందు శాంపిల్ తీయించాలి. సీలు దగ్గర తేడా వచ్చిందంటే లాయరు అక్కడే పట్టుకుంటాడు. నా కేసొకటి అలాగే పోయింది. అడవిలో నడిచే కుర్రాళ్లు కాదు, రాసేవాళ్లు కావాలి.

జవాబు: రాసేవాళ్లున్నా దొరికేది మూట మోసే కూలీయే కదండీ. డబ్బు పెట్టినవాడు ఏ నగరంలోనో ఉంటాడు. బ్యాంకు ఖాతాలు చూసేవాళ్లని పెంచండి ముందు.

ప్రశ్న అడిగినవారు: 2021లో ఆపరేషన్ పరివర్తన అని పోలీసులు గంజాయి తోటలు నరికారు. తర్వాత మా మావయ్య కాఫీ వేశాడు. కాపు రావడానికి మూడు నాలుగేళ్లు. ఈలోగా పాత గంజాయి వ్యాపారి మనిషి రెండుసార్లు ఇంటికొచ్చి టీ తాగి వెళ్లాడు.